తాళమేసిన ఇండ్లు

ఏడుంబావుకు ఎమ్మిగనూరులో బయలుదేరే ఆదోని బస్సులో ఆడవాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళకు టికెట్టు తీసేసినప్పటి నుంచి మగవాళ్ళు వెనక మెట్ల దగ్గర నిలబడడానికి అలవాటుపడిపోయారు. కండక్టరు రాఘవేంద్ర ముందు సీట్ల దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కరి కార్డు చూసి, మిషను నొక్కి, సున్నా టికెట్టు చింపి చేతిలో పెడుతూ కోటేకల్లు దాటేసరికి వెనక దాకా వస్తాడు. కొందరు ఆధార్ చూపిస్తారు. కొందరు రేషన్ కార్డు. మహాదేవమ్మ మాత్రం ఓటు కార్డే చూపిస్తుంది. ప్లాస్టిక్ కవర్లో మడత పడకుండా దాచుకున్న కార్డు అది. అందులోని ముఖానికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. చేతిలో పట్టుకున్న మనిషికి అరవై దాటాయి.

సోమవారం పొద్దున రాఘవేంద్ర కార్డు వైపు చూడకుండానే టికెట్టు చింపబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సూడప్పా. సరిగ్గా సూడు. పనిజేస్తాందా ఇది?"

"రోజూ సూపిచ్చేదే కదవ్వా. ఏమైంది?"

"నీ బస్సుకు పనికొస్తాంది. ఓటుకు పనికిరాదంట."

రాఘవేంద్ర నవ్వి ముందుకు పోయాడు. పక్క సీట్లో ఉన్న సుధారాణి టిఫిను డబ్బా సంచిలో సర్దుకుంటూ ఆగింది.

"మున్సిపాలిటీ ఓట్లకు లిస్టు అంటిచ్చినారు పాపా, ఇస్కూలు గోడకు," అంది మహాదేవమ్మ ఆమె వైపు తిరిగి. "హుసేనమ్మ కూతురు సంతోషి నిన్న పోయి సదువుకోనొచ్చింది. మా మగ్గాలగేరిలో పదకొండు పేర్లు లేవు. అందరూ ఆదోని మిల్లులకు పోయే ఆడోళ్ళే."

నడవకు అవతల కూర్చున్న హుసేనమ్మ అందుకుంది. "లేక కాదు. ఉండేటివి కొట్టేసినారు. ఊరిడిసి పోయినారని రాసినారంట."

"ఒగటో తేదీ పొద్దున్నే ఆరు గంటలకు వస్తారు, పింఛను ఇచ్చేకి," అంది మహాదేవమ్మ. "అప్పుడు ఇంట్లోనే ఉంటా నేను. యాలిముద్ర పడతాది. ఓటు కాడికి వచ్చేసరికి ఊరిడిసి పోయినా. ఎవురు రాసినారో మహాతల్లి."

"ఆడమనిషేనా?" అంది సుధారాణి. ఆ ప్రశ్న తానెందుకు అడిగిందో ఆమెకే తెలియలేదు.

"సచివాలయం ఆయమ్మంట. ఇప్పుడు లేదంట, మారిపోయింది."

సుధారాణి కిటికీ వైపు తిరిగింది. రోడ్డుకు రెండు వైపులా ఏరిన పత్తిచేన్లు. ఆకు రాలి, చెట్టుకు ఒకటో రెండో తెల్లగా మిగిలి ఉన్నాయి. ఈ బస్సులో ఆమె ప్రయాణం ఏడు నెలలుగా. పోయిన జూన్‌లో ఆదోనిలోని ఒక వార్డు సచివాలయానికి బదిలీ అయింది. అంతకుముందు ఎమ్మిగనూరులోనే పని. ఓటర్ల జాబితా పని కూడా అందులో ఒకటి. మగ్గాలగేరి అనే ఆ వీధి ఆమె కిందే ఉండేది.

గేరికి ఆమె పోయింది ఒక్కసారే. మే నెలలో. గేరి మొదట్లో కిరాణా కొట్టు పెట్టుకున్న ధనుంజయ పదకొండు తీసివేత ఫారాలు నింపి ఆఫీసులో ఇచ్చిపోయాడు. వాటిని పట్టుకుని పదకొండు గంటల ఎండలో ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి తలుపుకూ తాళం. తిరిగి తిరిగి కొట్టు నీడకు వచ్చి నిలబడితే ధనుంజయ చెప్పాడు, అందరూ సుగ్గికి పోయినారు మేడం, గుంటూరు పక్క మిరపకోతలకు పోయి ఆడనే నిలబడిపోయినారు, ఇంక రారు అని. అబద్ధమనిపించే మాట కాదది. ఈ వైపు ఊళ్ళలో సగం ఇండ్లు ఏడాదిలో కొన్నాళ్ళు కూలివలసల వల్ల అట్లా తాళాలతోనే ఉంటాయి. తలుపులకు అంటించాల్సిన నోటీసులు కొట్లోనే పెట్టి, ఎవరైనా వస్తే ఇవ్వమని చెప్పి, పదకొండు కాగితాల మీద 'శాశ్వతంగా వలస పోయినారు' అని రాసి సంతకం చేసింది. ఇంటికి పోయి పడుకుంది. ఆ రోజు గురించి ఆ తరువాత ఎప్పుడూ ఆలోచించలేదు.

మిరపకోతలు మార్చికే అయిపోతాయి. నేత ఇంట్లో పుట్టినా ఆ సంగతి ఆమెకు తెలుసు.

"నువ్వు ఆఫీసులో పనిజేస్తావు కదా పాపా," అంది మహాదేవమ్మ. "ఏమన్నా సేసేకి అయితాదా?"

"కనుక్కుంటాను పెద్దమ్మా."

ఆదోని మార్కెట్ యార్డు దగ్గర పత్తిబండ్లు అడ్డం నిలబడి బస్సు ఆగింది. మహాదేవమ్మ, హుసేనమ్మ, ఇంకా ఏడెనిమిది మంది అక్కడే దిగి జిన్నింగు మిల్లు వైపు నడిచారు. పత్తి మిషన్లోకి పోయే ముందు అందులోని ఆకూ, పుల్లా, గట్టి కాయా ఏరి పారేయడం వాళ్ళ పని. పత్తి లేని నెలల్లో బుడ్డల మిల్లు, వేరుశనగ పప్పు ఏరడం. ఏ నెలైనా ఏడింటికి ఇల్లు వదిలితే సాయంత్రం ఏడుకే రావడం.

*

మంగళవారం ఆఫీసులో భోజనాల వేళ సుధారాణి దినేష్‌కు ఫోను చేసింది. ఎమ్మిగనూరులో ఆమె కుర్చీలోకి వచ్చిన కుర్రవాడు. మేడం మేడం అంటూ మర్యాదగా మాట్లాడతాడు.

"పేర్లు చేర్చేకి శనివారం ఆఖరు మేడం," అన్నాడు. "ఆ పదకొండు మందికీ సంతోషి అనే అమ్మాయి దరఖాస్తులు తెచ్చి ఇచ్చింది. నేను విచారణకు రెండుసార్లు పోయినా. తాళాలే. మనిషిని చూడకుండా నేనెట్ల రాసేది?"

ఆ మాట అతను ఆమెను ఉద్దేశించి అనలేదు. అయినా సుధారాణి ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"వాళ్ళు ఏడుంబావు బస్సులో ఉంటారు దినేష్. రోజూ. నువ్వు ఒక పొద్దు బస్సెక్కితే అందరినీ ఒక్కసారే చూడొచ్చు."

"బస్సులోనా?" అతను ఆలోచించాడు. "చూడొచ్చు. కానీ ఇంకో చిక్కుంది మేడం. వాళ్ళు పోయినారని మేలో మీరు రాసినారు. ఇప్పుడు నేను ఉండారని రాస్తే, అప్పుడు యాడున్నారని పెద్ద సారు అడుగుతాడు. మీకే ఇబ్బంది. దానికొక దారుంది. సుగ్గికి పోయినాము, ఇప్పుడు తిరిగొచ్చినాము అని వాళ్ళతోనే రాయిచ్చుకుంటే సరిపోతాది. మీ రిపోర్టూ నిజమే అయితాది, నాదీ నిజమే అయితాది. వాళ్ళ ఓటు వాళ్ళకొస్తాది."

సుధారాణి టేబులు మీది కాగితాలకు బరువుగా పెట్టిన రాయిని పక్కకు జరిపింది. మళ్ళీ దాని చోట పెట్టింది.

"సరే," అంది. "శుక్రవారం రా."

ఆ సాయంత్రం బస్సులో నిద్ర పట్టలేదు. మామూలుగా ఆరెకల్లు రాకముందే కునుకు పడుతుంది. చిన్నప్పటి ఓట్ల రోజు జ్ఞాపకం వచ్చింది. నేతగాళ్ళ ఇండ్లలో మగ్గం ఆగేది అమావాస్యకే. అమావాస్య కాని రోజు ఆగిందంటే అది చావైనా అయ్యుండాలి, ఓట్లైనా అయ్యుండాలి. నాయన కృష్ణప్ప ఆ పొద్దున మగ్గం గుంతలో నుంచి లేచి, కాళ్ళు కడుక్కుని, తాను నేసిన పంచె కట్టుకుని పోయేవాడు. వచ్చాక వేలి మీది సిరా ఆమెకు చూపించేవాడు. ఎవరికి వేశావు నాయనా అంటే చెప్పేవాడు కాదు. మరుసటి రోజు మళ్ళీ వీధంతా మగ్గాల చప్పుడు. ఆ చప్పుడు వింటూ చదువుకోవడం ఆమెకు ఎంత అలవాటంటే, పరీక్షలకు కర్నూలు పోయినప్పుడు నిశ్శబ్దంలో చదవలేకపోయింది. ఇప్పుడు నాయన లేడు, ఆ వీధిలో మగ్గాలు మూడో నాలుగో. నాయన ఉంటే ఈ సంగతి ఆయనకు చెప్పి ఉండేదా అని ఆలోచించింది. చెప్పి ఉండేది కాదు.

*

బుధవారం పొద్దున ఆరింటికి, భర్త చంద్రశేఖర్ కాఫీ కలుపుతుండగా, ఇప్పుడే వస్తానని చెప్పి ఆమె మగ్గాలగేరికి నడిచింది.

మేలో తాను చూసిన గేరి ఇది కాదు. అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి. కుళాయి దగ్గర బిందెల వరస. హుసేనమ్మ వాకిట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. సంతోషి మెట్టు మీద కూర్చుని జడ అల్లుకుంటోంది. ఒకామె తలకు పోసుకుని, తడి జుట్టుతోనే రొట్టె తడుతోంది. ఇంకొకామె మిల్లుకు తీసుకుపోయే సద్దిగుడ్డ ముడి వేస్తూ, ముడి పళ్ళతో బిగిస్తోంది. ఎక్కడో లోపల ఒక్క మగ్గం ఆడుతోంది. సుధారాణి ఎవరి కంటా పడకుండా అవతలి గోడ పక్కన నిలబడి ఇండ్లు లెక్కపెట్టింది. పదకొండు. ఒక్కటి కూడా తప్పలేదు.

ఐదు గంటలు ముందుగా వచ్చి ఉంటే సరిపోయేది. అంతే.

వెనక్కి తిరిగితే ధనుంజయ కొట్టు షట్టరు ఎత్తుతున్నాడు. గోడ మీద అతని భార్య ఫోటోతో కొత్త పోస్టరు. వార్డు ఆడవాళ్ళకు రిజర్వు అయింది కాబట్టి ఆమె పోటీ చేస్తోంది.

"ఏం మేడం, ఇంత పొద్దున్నే? ఆదోనికి పోయినారని విన్నానే."

"ఆ పదకొండు మందీ ఈడనే ఉండారు కదన్నా."

ధనుంజయ గేరిలోకి తొంగి చూశాడు, ఇప్పుడే తెలిసినట్టు. "ఉంటే ఉండనీ మేడం. మంచిదే కదా."

"సుగ్గికి పోయినారని నువ్వే చెప్పినావు."

"నేను వంద సెప్తా. కొట్లో కూసున్నోన్ని." అతను చీపురు తీసుకుని మెట్లు ఊడ్చడం మొదలుపెట్టాడు. గొంతులో కోపం లేదు. "రాసింది మీరు. సంతకం మీది. నోటీసులు ఇంకా నా గల్లాలోనే ఉండాయి, కావాలంటే తీసుకోనిపోండి."

అతను గల్లా తెరిచి, రబ్బరు బ్యాండు వేసిన కాగితాల కట్ట తీసి ఇచ్చాడు. సుధారాణి తీసుకుంది. ఏం చెయ్యాలో తెలియక సంచిలో పెట్టుకుంది.

ఆ రోజూ, గురువారమూ బస్సులో ఆమె తక్కువ మాట్లాడింది. శుక్రవారం ఆఫీసు మనిషి బస్సుకే వస్తాడని చెప్పినప్పుడు ఆడవాళ్ళంతా సంతోషించారు. హుసేనమ్మ తన సద్ది నుంచి రెండు కొర్రల లడ్లు తీసి ఆమె చేతిలో పెట్టింది. "మాకోసరం ఎవురు ఇంత తిరుగుతారు పాపా," అంది. సుధారాణి వాటిని ఆఫీసులో డ్రాయరులో పెట్టింది. తినలేదు.

శుక్రవారం ఇంటికి తాళం వేసి, అలవాటు ప్రకారం ఒకసారి లాగి చూసింది. చంద్రశేఖర్ అప్పటికే పాపను బడి బస్సు ఎక్కించి, అట్నుంచే పనికి పోయాడు. సాయంత్రం దాకా ఈ తలుపు తీసేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరైనా పదకొండు గంటలకు వచ్చి చూస్తే ఏమనుకుంటారో, పక్కింటివాళ్ళు ఏం చెబుతారో అనుకుంటూ మెట్లు దిగింది.

*

దినేష్ బస్టాండులోనే ఎక్కాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు. బస్సు కదిలాక నడవలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, ఒక్కొక్కరి పేరూ పిలిచాడు. పిలిచినామె చెయ్యెత్తింది. అతను కార్డు చూసి, ముఖం చూసి, ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

"ఇంటికి రాకుండా బస్సెక్కి సూస్తాండావే అల్లుడా," అంది ఒకామె. అందరూ నవ్వారు. రాఘవేంద్ర కూడా టికెట్లు ఆపి చూస్తూ నిలబడ్డాడు.

తరువాత సంతకాలు. ముందు సీట్లో ఇద్దరు చేసేశారు. మూడోది మహాదేవమ్మ. ఆమె పెన్ను తీసుకుని, పెట్టబోయి, ఆగింది.

"ఏం రాసినావప్పా? సదువు."

"మామూలేనవ్వా."

"మామూలే అయితే సదివేకి ఏమి?"

దినేష్ చదివాడు. "నేను జీవనోపాధి నిమిత్తం గత సంవత్సరం ఊరు విడిచి పోయి, ఇటీవల తిరిగి వచ్చినందున, నా పేరు మరల చేర్చవలసినదిగా కోరుచున్నాను."

మహాదేవమ్మ పెన్ను మూత పెట్టింది.

"నేను యాడికీ పోలేదు."

"తెలుసవ్వా. అట్ల రాస్తే తొందరగా అయితాది, అంతే."

"పోలేదప్పా నేను. కరువొచ్చినప్పుడు గేరికి గేరి పోయింది, అప్పుడూ పోలేదు. మా ఆయప్ప మంచంలో ఉండె. ఆయన పోయినాక మగ్గం గుంత పూడ్సమన్నారు, పూడ్సలేదు. ఆ ఇంట్లోనే ఉండా. ఉండేదాన్ని పోయినా అని నా సేత్తో నేనే యట్ల రాసియ్యల్ల?"

"మరి ఓటు రాదు."

"రాకుంటే మానె."

హుసేనమ్మ లేచి వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "ఒగ సంతకమే కదక్కా. ఎవురు సూస్తారు?"

"నేను సూస్తా కదా," అంది మహాదేవమ్మ.

ఆ మాటకు ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగారు. సంతకం చేసిన ఇద్దరిలో ఒకామె, "నా కాగితం ఇట్లియ్యప్పా," అని చెయ్యి చాపింది. దినేష్ ఏం చెయ్యాలో తెలియక సుధారాణి వైపు చూశాడు. తొందరపెట్టే చూపు కాదది. సాయం అడిగే చూపు.

సుధారాణి లేచి నిలబడింది. బస్సు గుంతలో పడి లేచింది. సీటు కమ్మీ పట్టుకుంది.

"పెద్దమ్మ పోలేదు దినేష్. ఎవరూ పోలేదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. మహాదేవమ్మ వైపు తిరిగింది. "పోయినారని రాసింది నేనే పెద్దమ్మా. అప్పుడు మీ వార్డులో పని చేసేది నేనే. మే నెలలో మీ గేరికి వచ్చినా. తాళాలు చూసినా. కొట్లో అడిగి, రాసి, సంతకం పెట్టినా. మళ్ళీ ఒకసారి రాలేదు. మీ నోటీసులు మీకు ఇయ్యలేదు." సంచిలో నుంచి కట్ట తీసి చూపించింది. "ఈ కాగితంలో ఏం రాస్తారో కూడా నాకు ముందే తెలుసు. సరే అన్నా."

వెనక ఎవరిదో ఫోను మోగి ఆగింది. హుసేనమ్మ సుధారాణిని పైనుంచి కింద దాకా కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

సుధారాణి కూర్చుని దినేష్ చేతిలోని అట్ట తీసుకుంది. తెల్లకాగితం ఒకటి పైకి లాగి మోకాళ్ళ మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఆరెకల్లు దగ్గర రోడ్డు బాగాలేదు. అక్షరాలు వంకర పోయాయి. ఆగి, బస్సు నిలబడినప్పుడు రాసింది. అయ్యాక పైకి చదివింది.

"కింద పేర్కొన్న పదకొండు మంది ఊరు విడిచి పోలేదు. వారు ఉదయం ఏడు గంటలకు పనికి పోయి సాయంత్రం ఏడు గంటలకు తిరిగి వచ్చువారు. నేను పగటిపూట పోయి, ఇండ్లకు తాళాలు చూసి, సరైన విచారణ చేయక, వలస పోయినట్లు రాసినాను. నోటీసులు అందజేయలేదు. తప్పు నాది. ఈ దినం వారందరినీ కళ్ళారా చూసి ఇది రాయుచున్నాను."

దినేష్ వంగి గొంతు తగ్గించాడు. "మేడం, ఇది పెద్ద సారుకు ఇస్తే మీకు మెమో వస్తాది."

"వస్తాది."

"సర్వీసు రిజిస్టర్లో..."

"ఇయ్యి దినేష్."

కాగితం ఒక్కొక్కరి చేతి మీదుగా పోయింది. సంతకాలు వచ్చినవాళ్ళు సంతకాలు, రానివాళ్ళు వేలిముద్రలు. మహాదేవమ్మ చివర. కూడబలుక్కుంటూ ఒక్కొక్క అక్షరమే రాసింది. రాసి, పెన్ను దినేష్‌కు ఇచ్చింది. సుధారాణి వైపు చూడలేదు. మార్కెట్ యార్డు రాగానే అందరితో పాటు దిగిపోయింది.

*

శనివారం సుధారాణి పక్కన ఒక డిగ్రీ అమ్మాయి చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుంది. సోమవారం ఎవరో సంచులు పెట్టారు. మహాదేవమ్మ రెండు సీట్ల ముందు హుసేనమ్మతో కూర్చుని పోయేది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఎదురుపడితే హుసేనమ్మ తలవంచుకునేది. మహాదేవమ్మ తలవంచుకునేది కాదు, చూసేది. అంతే. ఎవరూ ఆమెను ఒక మాట అనలేదు. అంటే బాగుండునని ఒకటి రెండుసార్లు అనిపించింది.

తుది జాబితా వచ్చిన రోజు దినేష్ ఫోనులో ఫోటో పంపాడు. పదకొండు పేర్లూ వరసలో ఉన్నాయి. రెండు రోజుల తరువాత ఆమెకు మెమో వచ్చింది, వారంలోగా సంజాయిషీ ఇమ్మని. చంద్రశేఖర్ దాన్ని రెండుసార్లు చదివి, "ఇదంతా అవసరమా నీకు?" అన్నాడు. ఆమె దాన్ని తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. సంజాయిషీలో కొత్తగా రాయాల్సింది ఏమీ కనపడలేదు.

ఆ వారాంతంలో ఒక పొద్దున బస్సు కదిలాక మహాదేవమ్మ లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. సద్దిగుడ్డ ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కోటేకల్లు దాటింది.

"ఏమో కాగితం వచ్చిందంట కదా నీకు. ఆ పిల్లోడు సెప్పినాడు."

"వచ్చింది పెద్దమ్మా."

"పనిలోనుంచి తీస్తారా?"

"తియ్యరు. ఇంక్రిమెంటు ఆపుతారేమో."

"ఊఁ," అంది మహాదేవమ్మ. పాపమనలేదు. మంచిపని చేసినావనీ అనలేదు. చీర అంచుకు అంటుకున్న పత్తిపోగు ఒకటి తీసి, రెండు వేళ్ళ మధ్య పెట్టి పురి పెట్టింది. అది సన్నటి దారమైంది. దాన్ని కిటికీలోంచి వదిలేసింది.

మళ్ళీ చాలాసేపు చేన్లే. బస్సు ఆదోని కొండల వైపు తిరిగింది. ఆడవాళ్ళు సంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"మే నెల అంటివి కదా," అంది మహాదేవమ్మ. "ఎన్ని గంటలకు వచ్చినావు గేరికి?"

"పదకొండు అయ్యుంటాది."

"నడిసేనా?"

"నడిచే."

"అన్ని ఇండ్లూ తిరిగినావా ఆ ఎండలో?"

"తిరిగినా."

"నీళ్ళన్నా ఇచ్చినారా ఎవురన్నా?"

సుధారాణి ఆమె వైపు చూసింది. ఎగతాళి కోసం వెతికింది. ఆ ముఖంలో అది లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నట్టే ఉంది.

"ఎవరిస్తారు పెద్దమ్మా. అన్నీ తాళాలే కదా."

బస్సు ఆగింది. హుసేనమ్మ ముందు నుంచి పిలుస్తోంది. మహాదేవమ్మ సద్దిగుడ్డ చంకలో పెట్టుకుని, సీటు కమ్మీ పట్టుకుని లేచింది.

"మేముండింటే ఇచ్చింటిమి," అని చెప్పి దిగిపోయింది.